ఊరి మందిరం, సమాధుల స్థలం: గొడవ రాకముందే కాగితాలు సరిచేసుకోవడం ఎలా

"రాత్రి మా మందిరం గోడ పడగొట్టారు, ఇప్పుడేం చేయాలి?" అని అడిగే క్రైస్తవ సంఘాల వాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే. స్థలం ఎవరి పేరున ఉంది? అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "నలభై ఏళ్లుగా మేమే ఉన్నామండీ" అంటారు.

నలభై ఏళ్లు ఉండటం మంచిదే. కానీ ఎమ్మార్వో ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో అడిగేది కాగితం. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో చిన్న చిన్న క్రైస్తవ సంఘాల మీద ఒత్తిడి వచ్చినప్పుడు ఎదుటివాడు మొదట పట్టుకునేది నమ్మకాన్ని కాదు, సర్వే నంబరును. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా గొడవ రాకముందు చేయాల్సిన పనే ఉంటుంది. ముస్లింల ఖబరస్తాన్‌ల (శ్మశానాల) దారి వేరు, దాని గురించి చివర్లో కొద్దిగా రాశాను.

1. స్థలం ఏ రకమో తేల్చుకోండి

ఇది తేలకుండా ఏ అర్జీ రాసినా వృథా. మందిరం ఉన్న నేల కింది వాటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

గ్రామకంఠం: ఊరి ఇళ్ల మధ్య ఉన్న చోటు. తెలంగాణలో ఆబాదీ అంటారు. ఇది వ్యవసాయ భూమి కాదు కాబట్టి సాధారణంగా తెలంగాణ భూమి రికార్డుల పాత పోర్టల్ ధరణిలోనూ, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతిలోనూ కనిపించదు. కనిపించలేదని కంగారు పడొద్దు. ఇక్కడ ఆధారాలు ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రికార్డు, కరెంటు మీటరు.

పట్టా భూమి: ఎవరో ఒకరి సొంత భూమి. దాత ఇచ్చాడా, అమ్మాడా, ఊరికే వాడుకోమన్నాడా అన్నదే అసలు ప్రశ్న. అనుమతితో కూర్చున్నవాడి ఆధీనం ఎన్నేళ్లైనా అనుమతే, హక్కు కాదు.

అసైన్డ్ భూమి: ఏపీలో డీకేటీ పట్టా, తెలంగాణలో లావుణి పట్టా. భూమి లేని పేదకు సర్కారు ఇచ్చింది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద దీన్ని దానం చేయడం కూడా బదిలీయే. మన సంఘాల్లో చాలా మందిరాలు ఇలాంటి నేల మీదే ఉన్నాయి, ఎందుకంటే ఇచ్చినవాళ్ల దగ్గర ఉన్నది అదే. ఇది పచ్చి నిజం, దాచుకుంటే లాభం లేదు.

పోరంబోకు: రస్తా, వాగు, చెరువు, శిఖం (చెరువు లోపలి నేల) భూమి. ఇది అన్నింటికన్నా ప్రమాదకరం. ప్రభుత్వ వీధులు, పార్కులు, బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతానికీ కొత్త ప్రార్థన మందిరం కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. చెరువు గట్టు మీద ఉంటే చట్టం మీకు దన్నుగా నిలవదు. వేరే చోటు చూసుకోవడమే తెలివి.

మిషన్ భూమి: లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ వంటి పాత సంఘాలది. హక్కుదారు స్థానిక సంఘం కాకపోవచ్చు. ఉదాహరణకు సీఎస్‌ఐ ఆస్తులు ఎక్కువగా సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. స్థానిక పెద్దలు అమ్మినా, లీజుకిచ్చినా ఆ కాగితం నిలవదు.

ఏజెన్సీ భూమి: పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు వాళ్లు ఇది రెండుసార్లు చదవండి. గిరిజన ప్రాంతాల్లో భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టం కింద షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి పేరున కొన్న భూమి చెల్లదు. మైదానం నుంచి వచ్చిన పాస్టర్ గారు తన పేరున కొంటే ఆయన మంచివాడైనా అంతే. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు. కాబట్టి స్థానిక గిరిజన విశ్వాసుల హక్కులు అలాగే ఉంటాయి.

2. కాగితాలు తీయించండి, ఈ వరుసలో

1. పాత రికార్డు ముందు. ఏపీలో ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. స్థలం మొదట ఎవరిదో చెప్పేవి ఇవే.
2. తర్వాత ఇప్పటి రికార్డు: అడంగల్ లేదా పహాణీ (ఏటా సాగు, ఆధీనం రాసే లెక్క), 1బి (పట్టాదారు పేరున ఉన్న భూమి లెక్క). ఏపీలో రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చింది. రెండు నంబర్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి పెట్టుకోండి.
3. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1983 నుంచి ఉన్నది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి.
4. 22ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు.
5. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, తెలంగాణలో టిప్పన్.

ఆఫీసులో "రికార్డు లేదు" అంటే గొడవ పడకండి. సమాచార హక్కు అర్జీ పెట్టండి. పంచాయతీలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10. జవాబు 30 రోజుల్లో రావాలి. "రికార్డు లేదు" అన్న మాట కూడా రాతపూర్వకంగా వస్తే అదీ ఒక ఆధారమే.

ఎక్కువమంది చేసే తప్పు: ఆర్‌టీఐలో "మా చర్చి స్థలం వివరాలు ఇవ్వండి" అని అడగడం. అలా అడిగితే ఏమీ రాదు. "ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, ఫలానా సంవత్సరాల అడంగల్ ధృవీకరించిన నకళ్లు" అని అడగండి.

3. నేల మీద కొలిపించండి

ఒక సంఘంలో ట్రంకు పెట్టె అడుగు నుంచి దానం కాగితం తీసి చూపించారు. తెల్లకాగితం, నీలం సిరా, కింద రెండు వేలిముద్రలు. సరిహద్దులు ఇలా ఉన్నాయి: తూర్పు తాటితోపు, పడమర బండ్ల బాట, ఉత్తరం చింతచెట్టు, దక్షిణం దాత మిగులు భూమి. విస్తీర్ణం దగ్గర "మందిరానికి సరిపడా" అని రాసి ఉంది!

తాటితోపు ఎప్పుడో కొట్టేశారు. బండ్ల బాట సిమెంటు రోడ్డు అయింది. చింతచెట్టు ఎక్కడుండేదో ఊళ్లో ఇద్దరు ముసలమ్మలకే తెలుసు. సర్వేయర్ వచ్చిన రోజు వాళ్లిద్దర్నీ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఒకామె లేచి వెళ్లి కాలితో నేల తట్టి "ఇక్కడే, దీని కింద చింతకాయలు ఏరుకున్నా" అంది. ఆ చోట రాయి పాతి, ఆమె చెప్పింది నోటరీ అఫిడవిట్‌గా రాయించాం. ఆ తర్వాతి ఏడాది ఆమె పోయింది. ఆ రోజు రాయించుకోకపోతే ఉత్తరం హద్దు ఆమెతోనే పోయేది.

చేయాల్సినవి:

- ఏపీలో గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) పిటిషన్, తెలంగాణలో మీసేవలో సర్వే దరఖాస్తు.
- నలుగురు పక్క రైతులకూ నోటీసు అందేలా చూడటం. లేకపోతే "మాకు చెప్పలేదు" అని రేపు తిరగబడతారు.
- కొలిచాక పంచనామా మీద పక్క రైతుల సంతకాలు, స్కెచ్ నకలు.
- హద్దురాళ్లు పాతి, ఒక్కో రాయి దగ్గర ఫోటో.

మందిరం గోడ మీద శంకుస్థాపన రాయి ఉంటే రంగు వేసి చెరపకండి. దాని మీద తేదీ మీ పాత ఆధీనానికి సాక్ష్యం.

పాత తెల్లకాగితం దొరికితే లామినేషన్ చేయించవద్దు. సిరా, సంతకం పరీక్షకు అడ్డమవుతుంది. రిజిస్టర్ కాని దానపత్రం హక్కును ఇవ్వదు. అయినా ఆధీనం ఎలా మొదలైందో చూపడానికి పనికొస్తుంది, పారేయకండి.

4. ఎవరి పేరున ఉండాలి

పాస్టర్ గారి సొంత పేరున వద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

నాకు తెలిసిన ఒక సంఘం కూలి డబ్బుల్లోంచి కానుకలు వేసి అయిదు సెంట్లు కొంది. నమ్మకంతో పాస్టర్ పేరున రాయించారు. ఆయన పోయాక ఆస్తి పిల్లలకు వచ్చింది, వాళ్లు అమ్మేశారు. కొన్నవాడు మందిరానికి తాళం వేశాడు. ఆ తాళంలో మత ద్వేషం ఏమీ లేదు, వారసత్వ చట్టమే ఉంది. సంఘం దగ్గర ఉన్నది కానుకల పుస్తకం ఒక్కటే.

"యేసుప్రభువు పేరున" రాయించేవాళ్లూ ఉన్నారు. హిందూ ధర్మశాస్త్రంలో దేవుడి విగ్రహానికి చట్టం ముందు వ్యక్తి హోదా ఉంది. క్రైస్తవ మందిరానికి దానంతట అదే అలాంటి హోదా రాదు. కాబట్టి ఒక సంస్థ కావాలి.

చేసే వరుస:

1. కనీసం ఏడుగురితో సొసైటీ. రెండు రాష్ట్రాల్లోనూ వర్తించేది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఒకే ఇంటివాళ్లు ఏడుగురూ వద్దు. మహిళలుంటే మంచిది, రేపు సంఘం చీలితే సాక్ష్యం చెప్పేది వాళ్లే.
2. నిబంధనల్లో ఒక వాక్యం తప్పనిసరి: "సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల ఆమోదం లేకుండా స్థిరాస్తి అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు."
3. దాత బతికుండగానే రిజిస్టర్డ్ దానపత్రం, ఇద్దరు సాక్షులతో. స్వీకరించినట్టు సొసైటీ అధ్యక్షుడో కార్యదర్శో హోదా రాసి సంతకం పెట్టాలి. "రేపు చేద్దాం" అన్న దాత రేపటికి ఉండకపోవచ్చు.
4. తర్వాత ఇంటి పన్ను, కరెంటు మీటరు సొసైటీ పేరుకు మార్పించడం.
5. ఏటా సొసైటీ రిటర్నులు. ఇవి వేయకపోతే గొడవ రోజున అవతలి లాయరు మొదట దీన్నే చూపిస్తాడు.

ఇల్లు అని అనుమతి తీసుకుని మందిరం కట్టడం ఇంకో తప్పు. ఫిర్యాదు వచ్చిన రోజున పంచాయతీ కార్యదర్శి చేతికి ఆయుధం ఇచ్చినట్టే. ప్లాన్‌లో ప్రార్థన మందిరం అనే రాయించి అనుమతి అడగండి. ఇవ్వకపోతే కారణం రాతలో తీసుకోండి.

5. సమాధుల స్థలం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో 2025 జనవరి 7న ఒక పాస్టర్ చనిపోతే, ఊళ్లోవాళ్లు అడ్డుకోవడంతో మృతదేహం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉండిపోయింది. కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తుల తీర్పులు వేర్వేరుగా వచ్చాయి. చివరికి ఊరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయమన్నారు. ఆ కుటుంబం పెద్దల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. కానీ ఆ జాగా క్రైస్తవులకు కేటాయించినట్టు రికార్డులో లేదన్నది ప్రభుత్వ వాదన. సుప్రీంకోర్టు ఆ రాష్ట్రమంతటా క్రైస్తవుల ఖననానికి స్థలాలు గుర్తించమని కూడా చెప్పింది.

మన ఊళ్లలోనూ ఇదే పరిస్థితి. సమాధులు ఉంటాయి, రికార్డులో "పోరంబోకు" అని ఉంటుంది. చావు రోజున దీన్ని సరిచేయలేరు, ఇప్పుడే మొదలుపెట్టండి.

- ఉన్న సమాధుల జాబితా: పేరు, చనిపోయిన సంవత్సరం, రాయి ఉందా లేదా. పాత మరణ ధృవపత్రాలు జతచేయండి.
- పంచాయతీ తీర్మానం. సర్పంచ్ మనవాడైనా కాకపోయినా మినిట్స్‌లోకి ఎక్కాలి.
- తీర్మానం నకలుతో తహసీల్దార్‌కు, ఆర్డీవోకు, కలెక్టర్‌కు అర్జీ. సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, ఏపీలో పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"మా గ్రామం సర్వే నంబరు ఫలానాలో ఇన్ని సెంట్ల స్థలంలో ఫలానా సంవత్సరం నుంచి క్రైస్తవులు ఖననం చేసుకుంటున్నారు. సమాధుల జాబితా, ఫోటోలు, పంచాయతీ తీర్మానం జతపరిచాము. ఈ స్థలాన్ని కొలిచి, క్రైస్తవ శ్మశానంగా గ్రామ లెక్కల్లో నమోదు చేసి, హద్దులు చూపించగలరని ప్రార్థన."

ఇందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు చూడండి. ఫలానావాళ్లు మమ్మల్ని వేధిస్తున్నారని ఇదే అర్జీలో కలిపితే అది పోలీసు వ్యవహారమని పక్కన పెడతారు. భూమి అర్జీ వేరు, వేధింపుల ఫిర్యాదు వేరు.

6. కూల్చివేత నోటీసు వస్తే

నోటీసు తీసుకోకుండా తలుపులు వేసుకోవడం మొదటి తప్పు. తీసుకోండి, తేదీ రాయండి, కవరు దాచండి.

2024 నవంబర్ 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇచ్చి, కట్టడం మీద కూడా అంటించి, కనీసం 15 రోజులు గడువివ్వాలి. మన వాదన వినాలి. తుది ఉత్తర్వు వచ్చాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. అయితే రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను, నది, చెరువు వంటి వాటి మీది కట్టడాలకు ఈ రక్షణ లేదు. మొదటి మెట్టులో స్థలం రకం తేల్చుకోమన్నది ఇందుకే.

ప్రభుత్వ భూమి ఆక్రమణ అంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద సెక్షన్ 7 నోటీసు వస్తుంది. గడువులోపు రాతపూర్వక జవాబు, కాగితాల నకళ్లతో. "మేము పేదలం, కనికరించండి" అని మాత్రమే రాయకండి. అలా రాస్తే ఆక్రమణ ఒప్పుకున్నట్టే. గడువు ఇవ్వకుండానే జేసీబీ వస్తే హైకోర్టులో రిట్ వేసి లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసర విచారణ) అడగమని లాయరుకు చెప్పండి.

7. దాడి జరిగిన రోజు

మొదటి గంట:

- 112కు ఫోన్. కాల్ చేసిన సమయం రాసుకోండి.
- పగిలినవి కదపకండి. ఫోటోలు, వీడియోలు తీసినవాళ్ల పేర్లు రాయండి. ఆ ఫోన్‌లో అసలు ఫైలు చెరపొద్దు. కోర్టులో డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, వాట్సాప్‌లో తిరిగిన కాపీతో ఇబ్బంది.
- దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే గాయాల నమోదు) రాయించండి.

ఫిర్యాదులో తేదీ, సమయం, చోటు, ఎవరు ఏం చేశారు, ఎవరు చూశారు, అంతే. ప్రసంగాలు వద్దు. సెక్షన్లు రాయడం మీ పని కాదు గానీ తెలిసుంటే మంచిది. భారతీయ న్యాయ సంహితలో ప్రార్థనా స్థలం ధ్వంసానికి 298, ఆరాధనకు ఆటంకానికి 300, సమాధుల చోట అక్రమ ప్రవేశానికి 301.

ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 175(3) కింద అర్జీ.

దళిత క్రైస్తవులు ఇక్కడ జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు. అలా మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఏపీ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఫిర్యాదు ఆ చట్టం మీదే ఆధారపడితే కేసు మొత్తం కూలుతుంది. పైన చెప్పిన సెక్షన్లకు కులంతో పనిలేదు.

ఇంకొకటి. సాయంత్రానికి స్టేషన్‌లో "రాజీ" కాగితం తెస్తారు. "ఇకపై ఇక్కడ ప్రార్థనలు జరపము" అన్న ఒక వాక్యం మధ్యలో ఉంటుంది. సంతకం పెట్టొద్దు. "లాయరుకు చూపించి రేపు చెబుతాం సార్" అని లేవండి. ఆ ఒక్క వాక్యాన్ని తర్వాత ఎవరూ చెరపలేరు. ఇరుపక్షాలనూ బైండోవర్ చేస్తామంటే (శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించుకుంటామంటే) కూడా నోటీసు రాతలో అడగండి.

8. సివిల్ కోర్టు

బలవంతంగా ఖాళీ చేయిస్తే గడువు లెక్క పెట్టుకోండి. నిర్దిష్ట పరిహార చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేస్తే హక్కు జోలికి పోకుండా ఆధీనం తిరిగి అడగొచ్చు. ఇది ప్రభుత్వం మీద పనికిరాదు.

ఎక్కువ కేసులు పాడయ్యే చోటు ఒకటుంది. ఎదుటివాడు "స్థలమే నాది" అంటుంటే ఉత్త ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే కోర్టు ఉత్తర్వు) దావా వేస్తారు, ఓడిపోతారు. హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు హక్కు ప్రకటన (డిక్లరేషన్) కూడా అడగాలని అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మీ లాయరును ఈ ప్రశ్న నేరుగా అడగండి: "డిక్లరేషన్ కూడా వేస్తున్నామా?"

వాళ్లే ముందు ఇంజంక్షన్ తెచ్చుకుంటారని అనుమానం ఉంటే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టులో ముందే పెట్టే అర్జీ) వేయండి, 90 రోజులు పనిచేస్తుంది. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల ముందస్తు నోటీసు కావాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో మినహాయింపు ఉంది. ఫీజు కట్టలేనివాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం, కాబట్టి సొసైటీలోని ఒక సోదరిని ముందుకు పంపండి.

9. ఖబరస్తాన్, మసీదు స్థలాలు

ఇక్కడ ముందు చూడాల్సింది వక్ఫ్ (ముస్లింల ధర్మకార్యాలకు అంకితమైన ఆస్తి) గెజిట్‌లో ఆ స్థలం ఉందా అన్నది. ఉంటే గెజిట్ పేజీ నకలు, బోర్డు రిజిస్టర్ నకలు తీసుకోండి. వక్ఫ్ చట్టానికి 2025లో చేసిన సవరణ తర్వాత వాడుక ఆధారంగా కొత్తగా వక్ఫ్ అనడానికి వీల్లేదు. ముందే నమోదైన వాటి వివరాలు ఉమీద్ పోర్టల్‌లో (వక్ఫ్ ఆస్తుల కేంద్ర వెబ్‌సైటులో) ఎక్కాలి. మీ ముతవల్లి (వక్ఫ్ ఆస్తి చూసుకునే నిర్వాహకుడు) ఎక్కించారో లేదో అడగండి. ఎక్కించకపోతే వక్ఫ్ ట్రిబ్యునల్ సంగతి తెలిసిన లాయరు దగ్గరికి వెంటనే వెళ్లండి.

10. ఫైలు

- పాత రికార్డు నకళ్లు, ఈసీ, స్కెచ్, పంచనామా
- దానపత్రం, సొసైటీ సర్టిఫికెట్, నిబంధనలు, రిటర్నులు
- పన్ను, కరెంటు రసీదులు ఏడాది వారీగా
- సమాధుల జాబితా, పంచాయతీ తీర్మానం, అర్జీ రసీదులు
- పాత ఫోటోలు: పెళ్లిళ్లు, క్రిస్మస్, ప్రతిష్ఠ ఆరాధన. వెనకాల గోడ కనిపించేవి ఏరండి, వెనుకవైపు పెన్సిల్‌తో సంవత్సరం రాయండి.

మూడు సెట్లు చేయండి. ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి లాయరు దగ్గర. మూడోది ఊళ్లో ఉంచొద్దు, పట్నంలో ఉన్న ఎవరైనా సంఘం పిల్లల ఇంట్లో పెట్టండి. మందిరం బీరువాలో మాత్రం అసలు పెట్టొద్దు. తగలబెట్టినప్పుడు మొదట కాలేది ఆ బీరువానే.